తీర్థన్‌లో ట్రౌట్ వేట: మే నెలలో పొద్దున్నే దిగాలి

మే చివరి వారంలో బావా నేనూ హిమాచల్‌లోని తీర్థన్ లోయకు వెళ్లొచ్చాం, చల్లటి కొండ ఏర్లలో ఉండే ట్రౌట్ చేపకు గాలం వేద్దామని. పంటకాలువలో వానపాము గుచ్చి, బెండు మునిగేదాకా గట్టున కూర్చున్నవాళ్లం. ఇక్కడ ఎర ఉండదు. ఈకలూ దారాలూ చుట్టి ఈగలా కట్టిన కొక్కెమే. దానికి బరువుండదు కాబట్టి లావుపాటి దారం బరువుతోనే విసరాలి. మొదటిరోజు బావ గాలం నీళ్లలోకంటే వెనకున్న చెట్టు మీదే ఎక్కువసార్లు పడింది.

మనాలీ బస్సెక్కి ఔట్ సొరంగం దగ్గర దిగాలి. ఇంకా చీకటిగానే ఉంది, ఉన్నది ఒక్కటే టాక్సీ, అడిగినంత ఇచ్చాం. బస ఇచ్చేవాళ్లతో ముందే చెప్పి బండి మాట్లాడుకోండి. దారిలో లార్జీ దగ్గర బియాస్ మీద ఆనకట్ట కనిపిస్తుంది. తీర్థన్ ఏటి మీద మాత్రం జలవిద్యుత్ ప్రాజెక్టులు కట్టనివ్వలేదు. ఇంకా చేపలున్నాయంటే అదీ ఒక కారణమే.

మొదటి రాత్రి బంజార్‌లో లాడ్జి. బజారు, ఏటీఎం అన్నీ ఉన్నాయి గానీ మంచి మడుగులు పైన నాగినీ, గుషైణీ వైపు. ఐదింటికే నీళ్లలో ఉండాలంటే ఆ వేళకు బండెక్కడ దొరుకుతుంది? మర్నాడే గుషైణీలో ఏటి పక్కన ఒక ఇంట్లోకి మారాం. గది చిన్నది, గీజరు మొరాయించింది, కానీ మెట్లు దిగితే ఏరు. రాత్రి నెయ్యి వేసిన వేడివేడి సిద్దూ పెట్టారు, ఆవిరి మీద ఉడికించిన గోధుమ రొట్టె. ఆ ఒక్కదానికి గీజరు సంగతి మర్చిపోయాను. బావ మర్చిపోలేదు.

అసలు సంగతి నీళ్లది. వేసవి కదా, తగ్గి ఉంటాయనుకున్నాం. మన ఏర్లు ఎండే నెలలోనే ఇక్కడ మంచు కరిగి ఏరు పొంగుతుంది. పగటి ఎండకు కరిగిన నీరు మధ్యాహ్నం దాటాక దిగుతుంది. సాయంత్రానికి రంగు మారి, మోకాలి లోతులో నిలబడటమే కష్టమైంది. పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకా మాత్రం అడుగున రాళ్లు లెక్కపెట్టొచ్చు. ఒక రాత్రి వాన పడితే గుషైణీలో కలిసే ఫలాచన్ వాగు బురదగా వచ్చింది. సంగమానికి ఎగువన తీర్థన్ తేటగానే ఉంది. గైడ్ నడిపించి అక్కడికే తీసుకెళ్లాడు. అతనికిచ్చిన డబ్బు దండగ కాలేదు. అద్దెకు తెచ్చిన బూట్లే దండగ, అడుగు అరిగి నాచు రాళ్ల మీద జారుతూనే ఉన్నాయి.

మత్స్యశాఖ పర్మిట్ లేకుండా గాలం వేయొద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎలాగూ నిషేధం, అది గుడ్లు పెట్టే కాలం. జులైలో వానలు మొదలైతే ఏరంతా బురదే. మళ్లీ వెళితే ఏప్రిల్‌లోనే, మంచు బాగా కరగకముందు.

నాలుగు రోజులకు నాకు రెండు, బావకు ఒకటి. అతనిది జానెడు బ్రౌన్ ట్రౌట్, ఒంటి మీద ఎర్ర చుక్కలు. చేతులు తడిపి పట్టుకుని, కొక్కెం తీసి, ప్రవాహానికి ఎదురుగా పెట్టి వదిలేశాడు. ఆ రాత్రి మేం తిన్నది చెరువులో పెంచిన ట్రౌట్. ముల్లు తక్కువ, రుచీ తక్కువే. మన కొర్రమీను ముందు నిలవదు.