విస్కాన్సిన్ తోడేళ్ల వేట లైసెన్సు: అమ్మకం భేష్, బ్రేకులే లేవు

అమెరికాలోని విస్కాన్సిన్‌లో వేట లైసెన్సులు అమ్మేది రాష్ట్ర సహజవనరుల శాఖ. అమ్మకం వరకూ వంక పెట్టలేం. 2021లో తోడేళ్ల వేట దరఖాస్తుకు 10 డాలర్లు. పేరొస్తే స్థానికులకు లైసెన్సు 49, బయటి రాష్ట్రాలవాళ్లకు 251. సగం పర్మిట్లు లాటరీలో, సగం ఇదివరకు అడిగి దక్కనివాళ్లకు పాయింట్ల లెక్కన ఇచ్చారు. ఆ ఫిబ్రవరిలో కొద్ది రోజులే గడువిచ్చినా 27 వేలకు పైగా దరఖాస్తులు వచ్చిపడ్డాయి.

చిక్కంతా వేట ఆపడంలో ఉంది. ఆసారి కోటా 200 తోడేళ్లు. ఒప్పందాల ప్రకారం అందులో 81 ఓజిబ్వే ఆదివాసీ తెగలవి, మిగతా 119 లైసెన్సుదారులవి. ఆ 119కి కేటాయించిన పర్మిట్లు 2,380. అంటే ఒక్కో తోడేలుకి ఇరవై, మామూలుకి రెట్టింపు.

వేట కోసం రాష్ట్రాన్ని జోన్లుగా విడగొట్టారు. ఒక జోన్‌లో వేట ఆపాలంటే చట్టం ప్రకారం 24 గంటల ముందు నోటీసివ్వాలి. కొట్టిన తోడేలును నమోదు చెయ్యడానికి అప్పట్లో మరో 24 గంటలు. ఇక శాఖ లెక్క అడవిని అందుకునేదెప్పుడు? పైగా ఆసారి పర్మిట్ ఏ ఒక్క జోన్‌కీ కట్టుబడలేదు. ఒకటి మూస్తే కుక్కల్ని బండెక్కించుకుని పక్క జోన్‌కి పోయే వీలుండేది. అప్పుడే పడ్డ మంచులో అడుగుజాడలు అచ్చుగుద్దినట్టు కనబడ్డాయి. వేట 22న మొదలైతే మూడు రోజులు నిండకుండానే 218 పడ్డాయి, అత్యధికం వేటకుక్కలతో తరిమి కొట్టినవే. తోడేలును తోబుట్టువుగా చూసే ఓజిబ్వేలు తమ వాటాలో ఒక్కటీ కొట్టలేదు. ఆ 81 కూడా మింగేసి, పైన ఇంకో 18.

తప్పంతా లైసెన్సులమ్మే శాఖదంటే అన్యాయమే. తోడేలుకు ఫెడరల్ రక్షణ లేని ఏడాదల్లా వేట పెట్టి తీరాలని 2012లోనే శాసనసభ చట్టం చేసింది. శాఖ నవంబరు దాకా ఆగుదామంటే, కాన్సాస్‌కి చెందిన వేటగాళ్ల సంఘం హంటర్ నేషన్ కోర్టుకెళ్లి ఫిబ్రవరిలోనే, తోడేళ్లు జతకట్టే కాలంలో, పెట్టించింది. అదే ఏడాది నవంబరులో పెట్టాలనుకున్న రెండో వేటకు శాఖ 130 చాలంటే, శాఖ విధానాలు నిర్ణయించే సహజవనరుల బోర్డు 300 అంది. బోర్డు అప్పటి అధ్యక్షుడు ఫ్రెడరిక్ ప్రెన్ పదవీకాలం ఆ మే నెలలోనే ముగిసింది. కొత్త సభ్యురాలికి సెనేట్ ఆమోదం రాలేదు కాబట్టి ఆయన కుర్చీ వదల్లేదు. అలా ఉండొచ్చని 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3తో తేల్చింది.

దరఖాస్తుకు అయిదుకి నాలుగు మార్కులు. ఆపడానికి ఒకటి, అదీ మొహమాటానికి. నమోదు అదే పూట జరగాలి, పర్మిట్ ఒక్క జోన్‌కే పరిమితం కావాలి, నోటీసు గడువు తగ్గాలి. మొదటి రెండూ శాఖ చేతిలోవే, మూడోది చట్టంలో ఉంది కాబట్టి దానికి మళ్లీ ఆ శాసనసభ గుమ్మమే ఎక్కాలి.