మెడిసేఫ్ యాప్: హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడే యువతకు ఎంతవరకు పనికొస్తుంది?

మందుల వేళ గుర్తుచేసే యాప్‌లు చాలానే ఉన్నాయి. హెచ్‌ఐవీతో బతుకుతున్న పదిహేడు, ఇరవై ఏళ్ల పిల్లల ఫోన్లో వాటిలో ఒకటి వేసేముందు చూడాల్సింది ఒకటుంది: ఫోన్ మంచం మీద ఉండగా అలారం మోగితే పక్కవాళ్లకు ఏం కనిపిస్తుంది? మెడిసేఫ్‌ను కూడా ముందు ఆ ప్రశ్నతోనే చూడాలి.

యాప్ పని సూటిగా ఉంటుంది. మందు పేరు, మోతాదు, వేళ ఇస్తే ఆ వేళకు గుర్తుచేస్తుంది. వేసుకున్నామనో, వదిలేశామనో, కాసేపాగి మళ్లీ చెప్పమనో నొక్కొచ్చు. ఇప్పుడు హెచ్‌ఐవీకి మందులిచ్చే మన ఏఆర్‌టీ సెంటర్లలో ఎక్కువమందికి ఇస్తున్నది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రవిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి. తిన్నాక వేసుకున్నా, తినకముందు వేసుకున్నా ఫర్వాలేదు. అందుకే వేళ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. హాస్టల్లో ఉండేవాళ్లు గదిలో జనం తక్కువగా ఉండే వేళ చూసుకోవచ్చు. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టనివాళ్లు డాక్టర్‌కు చెప్పి పొద్దుటికి మార్చుకోవచ్చు.

ఇక అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. మందు అసలు పేరు ఎక్కిస్తే నోటిఫికేషన్‌లో అదే బయటపడే ప్రమాదం ఉంది. చాలామంది 'విటమిన్' అనో ఇంకేదో అనో రాసుకుంటారు. మేమూ అదే మేలంటాం. కానీ దానికి ఒక నష్టం ఉందని తెలిసి చేయాలి. ఒక మందుకు ఇంకో మందు పడదని హెచ్చరించడం యాప్‌లోని మంచి గుణం. మారుపేరు పెడితే అది ఏ మందో యాప్‌కు తెలియదు, కాబట్టి హెచ్చరించదు. ఆ పని మనమే చేసుకోవాలి. కడుపుమంటకు తాగే అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్‌లు డోలుటెగ్రవిర్ ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. వాటికి 2 గంటల ముందైనా, 6 గంటల తర్వాతైనా టీఎల్‌డీ మాత్ర వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ అదే లెక్క, కాకపోతే భోజనంతో అయితే రెండూ కలిపి వేసుకోవచ్చు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే డాక్టర్ డోలుటెగ్రవిర్ 50 ఇంకొకటి 12 గంటల తేడాతో ఇస్తారు. దానికి రెండో అలారం పెట్టకపోతే ఆ మాత్రే ఎక్కువగా మరిచిపోతారు.

అలారం మోగలేదన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం యాప్ కాదు, ఫోన్. బ్యాటరీ ఆదా కోసం కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఈ యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేయాలి, ఆటోస్టార్ట్ ఉంటే ఆన్ చేయాలి, 'అలారమ్స్ అండ్ రిమైండర్స్' అనుమతి ఇవ్వాలి. లాక్ స్క్రీన్ మీద సున్నితమైన సమాచారం కనబడకుండా పెట్టాలి. అంతా అయ్యాక రెండు నిమిషాల తర్వాతి వేళకు ఒక అలారం పెట్టి, ఫోన్ లాక్ చేసి, ఏం కనిపిస్తుందో కళ్లారా చూడాలి. ఈ పరీక్ష చేయకుండా పిల్లల చేతికి ఫోన్ తిరిగి ఇవ్వొద్దు.

'మెడ్‌ఫ్రెండ్' అనే ఏర్పాటు మాకు బాగా నచ్చింది, భయమూ పెట్టింది. మాత్ర వేసుకున్నట్టు నొక్కకపోతే మనం ఎంచుకున్న మనిషికి కబురు వెళ్తుంది. విషయం ముందే తెలిసిన అక్కో, పిన్నో, హెచ్‌ఐవీ ఉన్న తోటి నేస్తమో అయితే చాలా ధైర్యం. అయితే నొక్కకపోవడం వేరు, వేసుకోకపోవడం వేరు. మాత్ర మింగి నొక్కడం మరిచినా కబురు పోతుంది, ఇంట్లో కంగారు మొదలవుతుంది. కబురు రాగానే తిట్లు అందుకుంటే పిల్లలు మింగకుండానే నొక్కడం నేర్చుకుంటారు. అందుకే నెలాఖరుకు యాప్ రికార్డును సీసాలో మిగిలిన మాత్రలతో పోల్చాలి. 30 మాత్రల్లో ఒకటి తప్పితే వేసుకున్నవి 96.7 శాతం, రెండు తప్పితే 93.3 శాతం. 95 శాతం కంటే తగ్గకూడదంటే నెలకు ఒక్కటి మించి పోకూడదు. ఆ లెక్క కూడా కౌన్సెలర్‌తో మాట్లాడటానికే. అసలు సంగతి చెప్పేది రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష: మందులు మొదలుపెట్టిన 6 నెలలకు, 12 నెలలకు, తర్వాత ఏడాదికోసారి.

వేళ తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి మాత్రకు 4 గంటల్లోపే ఉంటే వదిలేయాలి, రెండూ కలిపి వేసుకోకూడదు.

ఫోన్ ఇంటిల్లిపాదిదీ అయితే ఈ యాప్ వద్దు. ఫోన్లో ఉండే గడియారంలోనే 'నీళ్లు' అనో 'చదువు' అనో పేరుతో రోజూ మోగే అలారం చాలు. అందులో రికార్డు ఉండదు గానీ దాచాల్సిందీ ఉండదు. తోడు కోసం వాట్సాప్ గ్రూపుల్లో చేరేవాళ్లు తమ నంబరు అందరికీ కనిపిస్తుందని తెలుసుకుని చేరాలి. మనం చెప్పుకున్నది యాప్ కంపెనీ దగ్గరే ఆగుతుందన్న నమ్మకమూ లేదు. గ్రైండర్ అనే డేటింగ్ యాప్ వాడకందార్ల హెచ్‌ఐవీ వివరాలను బయటి కంపెనీలకు పంపుతోందని 2018లో బయటపడింది. ఖాతా తెరిచేటప్పుడు అసలు పేరు, ఎప్పుడూ వాడే ఈమెయిల్ ఇవ్వకపోవడం మంచిది. మాట్లాడే మనిషే కావాలంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఫోన్ ఇంట్లో వాళ్లదైతే పెట్టేశాక కాల్ లిస్టులోంచి ఆ నంబరు తీసేయాలి.