"క్లైమేట్ కంట్రోల్" అన్నారని నమ్మి జింక తల పాడుచేసుకున్నా, మీరు జాగ్రత్త

హ్యూస్టన్ వైపు స్టోరేజ్ యూనిట్ (సామాను దాచుకునే అద్దె గది) తీసుకోబోతున్న మనవాళ్ల కోసం రాస్తున్నా. వేటకెళ్లి, కొట్టిన జింక తలను మౌంట్ చేయించి (తోలును శుద్ధి చేసి ఫోమ్ అచ్చుకు తొడిగించి) గోడకు పెట్టుకున్నవాళ్లయితే తప్పక చదవండి.

నాన్నకు ఒంట్లో బాగోలేక పద్నాలుగు నెలలు గుంటూరులో ఉండిపోయాం. ఇక్కడ అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి సామానంతా స్టోరేజ్‌లో పడేశాం. అందులో నా వైట్‌టెయిల్ జింక షోల్డర్ మౌంట్ (భుజాల వరకు ఉండే తల) కూడా ఉంది. (వీడియో కాల్‌లో అది కనపడినప్పుడల్లా మా అమ్మ "ఇంట్లో ఆ తలకాయ ఏంట్రా" అని విసుక్కునేది. ఆవిడ మాట విని ఎవరికైనా ఇచ్చేసినా బాగుండేది.) దాని కోసమే నెలకు నలభై డాలర్లు ఎక్కువ పోసి క్లైమేట్ కంట్రోల్ యూనిట్ తీసుకున్నా. తేమ సంగతి అడిగితే కౌంటర్‌లో అబ్బాయి "ఏం భయం లేదు" అన్నాడు.

తిరిగొచ్చి షట్టర్ ఎత్తగానే ముక్కిపోయిన వాసన. తలకు చుట్టిన పాలిథిన్ కవర్ అడుగున సన్నటి ఇసకలాంటి పొడి. ముక్కు పక్కన వేలు పెడితే వెంట్రుకలు కుచ్చుగా ఊడొచ్చాయి, కింద తోలు బోడిగా కనిపించింది. చెవిలోకి టార్చ్ వేసి చూస్తే పురుగులు విడిచిన పొట్టు, బియ్యపు గింజంత, గోధుమరంగు చారలతో. కార్పెట్ బీటిల్స్, వెంట్రుకలూ తోలూ తినే పురుగులు!

మేనేజర్ తాపీగా అగ్రిమెంట్ తీసి చూపించాడు. క్లైమేట్ కంట్రోల్ అంటే ఉష్ణోగ్రత వరకేనట, తేమకు హామీ లేదు. పురుగు, బూజు ఇన్సూరెన్స్‌లోకీ రావు. కింద నా సంతకమే. తేమ మీటర్ తెచ్చి పెడితే 68 శాతం చూపించింది. ఇలాంటివాటికి 50 దగ్గర ఉండాలి.

తప్పు నాదీ ఉంది. పాలిథిన్ చుట్టడం వల్ల తేమ లోపలే ఉండిపోయింది. పాత కాటన్ దుప్పటి కప్పి, ముక్కు, చెవులు దేనికీ ఆనకుండా వేలాడదీయాల్సింది. పైగా పురుగు మా ఇంటి నుంచే వెళ్లి ఉండొచ్చు. దాచే ముందే గట్టిగా మూసిన కవర్‌లో పెట్టి, మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలని మౌంట్ చేసినాయన ఇప్పుడు చెప్పాడు. బయటకు తీశాక ఒక రోజంతా కవర్ విప్పకూడదు, విప్పితే చల్లటి తోలుకు నీరు పడుతుంది. నేను వేసిన కలరా ఉండలు ఎందుకూ పనికిరాలేదు. గాలి చొరబడని పెట్టెలో అయితేనే వాటికి బలం, ఆ ఆవిరికి కొన్ని రకాల ఫోమ్, ప్లాస్టిక్ మెత్తబడతాయి కూడా.

పాతకాలపు మౌంట్లు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు ఇంకో మాట. వాటి తోలుకు ఆర్సెనిక్ పూసి ఉండొచ్చు. గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి, పిల్లల గదిలో అసలు పెట్టకండి.

యూనిట్‌కు సంతకం పెట్టే ముందు తేమ ఎంత శాతంలో ఉంచుతారో కాగితం మీద రాసిమ్మనండి. మొన్న నేను ఇంకో మూడు చోట్ల అడిగాను. ఒక్కరూ రాసివ్వలేదు.