డ్రమ్ కోర్ టూర్: ఏ ఊరు వెళ్లాలి, ఎక్కడ కూర్చోవాలి, పిల్లలు ఎలా ఉంటారు

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్ బాగానే పరిచయం. ఆ బ్యాండ్లలో గట్టిగా వాయించే పిల్లలు ఆడిషన్ ఇచ్చి చేరేది డ్రమ్ కోర్‌లో. ఇది బడితో సంబంధం లేని వేసవి పోటీ. బ్రాస్ (ఇత్తడి బాకాలు), డ్రమ్స్, జెండాలతో ఆడే కలర్ గార్డ్ ఉంటాయి, క్లారినెట్, ఫ్లూట్ ఉండవు. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, అందరి నోటా డీసీఐ, 1972 నుంచి ఛాంపియన్‌షిప్ జరుపుతోంది. పై స్థాయి అయిన వరల్డ్ క్లాస్ కోర్‌లో 165 మంది దాకా ఉంటారు. మే నెలాఖరుకల్లా ఒకచోట చేరి దాదాపు నెల రోజులు సాధన చేస్తారు. ఆ తర్వాత ఆగస్టు రెండో వారం దాకా బస్సుల్లోనే దేశమంతా తిరుగుతారు.

ఒక్క షో మాత్రమే చూడగలిగితే వినడానికి ఆలెన్‌టౌన్, చూడడానికి ఇండియానాపొలిస్. కారణాలు కింద చెబుతాం. ముందు పిల్లల బస సంగతి, ఎందుకంటే తల్లిదండ్రులు కంగారుపడేది అక్కడే.

హోటళ్లు ఉండవు. దారిలో ఉన్న ఏదో ఒక హైస్కూల్ జిమ్‌లో నేలమీద ఎయిర్ మ్యాట్రెస్ వేసుకుని పడుకుంటారు. రాత్రి షో అయ్యాక బస్సెక్కుతారు, తెల్లవారుజామున కొత్త ఊళ్లో దిగుతారు, జిమ్‌లో ఇంకాసేపు నిద్రపోతారు. ఆ తర్వాత ఎండలో రిహార్సల్. అందుకే సింగిల్ సైజు మ్యాట్రెస్సే పంపండి, పెద్దది పరిస్తే పక్కవాళ్లకు చోటుండదు. పంపు బ్యాటరీతో నడిచేది కావాలి, వందమందికి పైగా ఉన్న జిమ్‌లో ప్లగ్ పాయింట్లు నాలుగైదే దొరుకుతాయి. అతుకులు వేసే ప్యాచ్ కిట్ తప్పనిసరి. ఒక గ్యాలన్ నీళ్ల జగ్గు, సన్‌స్క్రీన్, లాకర్ రూమ్ షవర్లకు రబ్బరు చెప్పులు, రెండు జతల బూట్లు పెట్టండి. ఒక జత తడిస్తే రెండోది వేసుకోవాలి, తడి బూట్లతో రోజంతా నడిస్తే మర్నాటికి కాళ్లు బొబ్బలెక్కుతాయి. బట్టలు ఉతుక్కునే రోజు వారానికోసారి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వస్తుంది. లోదుస్తులు, సాక్సులు పది జతలకు తగ్గకుండా సర్దండి.

తిండి బాగుంటుంది. ట్రక్కులోనే వంటగది ఉంటుంది, రోజుకు నాలుగు పూటలు పెడతారు. నాలుగోది షో అయ్యాక రాత్రి తినేది. శాకాహారులైతే చేరేటప్పుడు ఇచ్చే ఫారంలో గుడ్డు తింటారో లేదో విడిగా రాయండి. ఊరికే ‘వెజిటేరియన్’ అంటే గుడ్లు, చీజ్‌తోనే సరిపెట్టేస్తారు, ఎండలో పదిగంటలు బరువు మోసే పిల్లలకు పప్పుధాన్యాలు కావాలి. ఆవకాయ పంపాలనుకుంటే గాజు సీసాలో వద్దు, చిన్న ప్యాకెట్లు చేయండి. వంటగదిలో, యూనిఫాం కుట్టుపనిలో సాయానికి తల్లిదండ్రులను ఆహ్వానిస్తారు. నాలుగు రోజులు ఆ ట్రక్కు దగ్గర పనిచేస్తే ఏ హోటల్ గదీ చూపించనంత దగ్గరగా టూర్ కనిపిస్తుంది.

ఇక ఊళ్లు. శాన్ ఆంటోనియోలో జులైలో జరిగే షో మొదటి పెద్ద పరీక్ష. అప్పటిదాకా వేర్వేరు దారుల్లో తిరిగిన కోర్‌లు అలమోడోమ్‌లో ఒకేరోజు తలపడతాయి. డాలస్ నుంచి కారులో ఐదు గంటలు పెట్టుకోండి. రివర్ వాక్ దగ్గర గది తీసుకుంటే స్టేడియంకు నడిచి వెళ్లొచ్చు, మధ్యలో భోజనానికి బయటికొచ్చే ముందు తిరిగి లోపలికి రానిస్తారో లేదో అడగండి. ఇక్కడ కష్టం శ్రుతిది. బయట వేడిలో బ్రాస్ శ్రుతి పైకి పోతుంది, ఏసీ ఉన్న డోమ్‌లోకి రాగానే కిందికి జారుతుంది. మొదటి నిమిషంలో తాళం తప్పకపోయినా స్వరం పలచగా వినిపిస్తే కారణం అదే కావచ్చు.

ఆలెన్‌టౌన్‌లోని జె. బర్నీ క్రమ్ స్టేడియం పైకప్పు లేని పాత మైదానం. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి గంటన్నరలోపే. ప్రతిధ్వని లేదు కాబట్టి ప్రతి దెబ్బా విడివిడిగా వినిపిస్తుంది, స్నేర్ డ్రమ్ములు వాయించే వరుస (స్నేర్ లైన్) ఒక్క మనిషి వాయించినట్టుందా లేదా ఇక్కడే తేలుతుంది. షో రెండు రాత్రులు, కోర్‌లను రెండుగా పంచుతారు. మీ అబ్బాయి కోర్ ఏ రాత్రో చూసుకోకుండా టికెట్ కొనకండి. సీట్లు గట్టిగా ఉంటాయి, కుషన్ తీసుకెళ్లండి. మెరుపులు కనిపిస్తే మైదానం ఖాళీ చేయిస్తారు, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. వాన ఒక్కటే ఉన్నా సౌండ్ మిక్సర్లు, సింథసైజర్లు తడిస్తాయి కాబట్టి షో కుదించడం, రద్దు చేయడం జరుగుతుంటుంది. మర్నాడు ఉదయం పని పెట్టుకోకపోవడమే మంచిది.

ఇండియానాపొలిస్ లూకస్ ఆయిల్ స్టేడియంలో 2009 నుంచి ఫైనల్స్ జరుగుతున్నాయి. 2025లో బోస్టన్ క్రూసేడర్స్ తొలి టైటిల్ గెలిచిందీ ఇక్కడే. వేదిక మారే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, ఆ ఏటి షెడ్యూల్ చూశాకే గది బుక్ చేయండి. గురువారం ప్రిలిమ్స్, శుక్రవారం 25 కోర్‌ల సెమీస్, శనివారం 12 కోర్‌ల ఫైనల్స్. డబ్బు లెక్క చూసుకునేవాళ్లకు శుక్రవారం మేలు, అన్ని మంచి కోర్‌లూ ఉంటాయి. కన్వెన్షన్ సెంటర్‌కు స్కైవాక్‌తో కలిసిన హోటళ్లు సౌకర్యం, కానీ ఖరీదు. కార్మెల్, ఫిషర్స్‌లో బస చేస్తే అరగంట ప్రయాణం, పార్కింగ్ ముందే కొనుక్కోవాలి. బ్యాగు పారదర్శకంగా లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు.

సీటు కింద, దగ్గరగా తీసుకోవడం చాలామంది చేసే పొరపాటు. కింది నుంచి డ్రిల్ ఆకారాలు, అంటే నడుస్తూ మైదానం మీద వేసే ఆకారాలు, కనిపించవు, ఒకే వరుస తలలు కనిపిస్తాయి. రెండు 35 యార్డ్ లైన్ల మధ్య పై అంతస్తు సీటే సరైనది. ఆ ఎత్తున విభాగాల ధ్వని కలిసి వస్తుంది. మైదానం వెనక గీత నుంచి ముందు గీతకు 49 మీటర్ల దూరం, ధ్వని అంత దూరం రావడానికి సెకనులో ఏడో వంతు పడుతుంది. నిమిషానికి 180 దెబ్బల వేగంలో అది దాదాపు అర దెబ్బ. అందుకే మైదానం ముందు నిలబడి మరింబా (చెక్క పలకల వాద్యం) వాయించేవాళ్లు కండక్టర్ చేతిని కాదు, వెనకనుంచి వచ్చే డ్రమ్స్‌ను విని వాయిస్తారు. వెనకవాళ్లు ముందువాళ్లను విని వాయించారంటే లయ చెదిరిపోతుంది. డోమ్‌లో గోడ నుంచి తిరిగొచ్చే ధ్వని కూడా తోడవుతుంది కాబట్టి ఈ ప్రమాదం రెట్టింపు. నడక కొలత కూడా అంతే కచ్చితం: ఐదు గజాలకు ఎనిమిది అంగలు, అంటే ఒక్కో అంగ 22.5 అంగుళాలు.

మార్కులు నూరు. జనరల్ ఎఫెక్ట్‌కు (ప్రదర్శన మొత్తంగా చూపే ప్రభావానికి) 40, విజువల్‌కు 30, మ్యూజిక్‌కు 30. మొదటి 40 ఎక్కువ బరువు మోస్తున్నాయి కాబట్టి శుభ్రంగా వాయించిన కోర్ కన్నా రూపకల్పన బాగున్న కోర్ ముందుంటే ఆశ్చర్యపోకండి.

షోకు గంటన్నర ముందు స్టేడియం చుట్టుపక్కల పార్కింగ్ లాట్‌లో డ్రమ్ లైన్లు వార్మప్ చేస్తాయి. ఇండియానాపొలిస్‌లో దీనికి టికెట్ అక్కర్లేదు, పది అడుగుల దూరం నుంచి వినొచ్చు. చిన్నపిల్లలకు ఇయర్‌ప్లగ్స్ పెట్టండి. అర్ధచంద్రాకారంగా నిలబడ్డ వాళ్లకూ బోధకుడికీ మధ్యలోంచి నడవకండి, మీ పిల్లే అయినా పలకరించకండి. షో అయ్యాక బస్సుల దగ్గర కలుసుకోవడానికి కొన్ని నిమిషాలు ఇస్తారు, ఉతికిన సాక్సులు, ఇష్టమైన తిండి అప్పుడే అందించాలి.