అడుగుల చప్పుడు కంటికి కనిపిస్తదా? వినపడనివాళ్ల కొలతలో నాలుగు షూటింగ్ గేములు

నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా గేమింగ్ కేఫ్‌కి పోయిన పోరగాళ్లు ముందు అడిగేది గ్రాఫిక్స్ కార్డు ఏంది, మానిటర్ ఎన్ని హెర్ట్జ్ అని. ఆ వెంటనే హెడ్‌సెట్ సంగతి. గోడ అవతల ఎవడో వస్తున్నడని ముందుగా చెప్పేది అదే గదా. అదే కుర్చీలో వినికిడి లేని ఆటగాడు కూర్చుంటే, గేము ఆ సమాచారాన్ని ఇంకో దారిలో ఇస్తదా లేదా అన్న ఒక్క కొలతతో ఫోర్ట్‌నైట్, బీజీఎంఐ (పబ్జీ మొబైల్ ఇండియా వెర్షన్), వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2లను తూచాం. స్కిన్లు, మ్యాపులు ఈ లెక్కలోకి రావు. సబ్‌టైటిల్స్‌కూ పెద్దగా మార్కులు లేవు. పాత్రలు చెప్పే డైలాగు చదవకపోతే ఎవడూ చావడు.

ఫోర్ట్‌నైట్‌కి 5కి 4. సెట్టింగ్స్‌లో ఆడియో ట్యాబ్‌కి పోయి విజువలైజ్ సౌండ్ ఎఫెక్ట్స్ ఆన్ చేస్తే చాలు. స్క్రీన్ మధ్యలో గురి చుట్టూ ఒక వలయం కట్టినట్టు బొమ్మలు వస్తయి: అడుగులకు ఒకటి, తుపాకీకి ఒకటి, పెట్టెకు ఇంకొకటి. బొమ్మ ఏ పక్కన వస్తే శబ్దం ఆ పక్కనుంచి వస్తున్నట్టు. అసలు మేలు ఏందంటే ఇది గురి పక్కనే ఉంటది, చూపు మూలకు తిప్పే పని లేదు. మొదట ఫోన్ వెర్షన్‌లో వచ్చి, తర్వాత పీసీ, కన్సోళ్లకు పాకింది. ఆట చివర్ల కుంచించుకుపోయిన జాగాలో పది మంది ఒక్కచోట కొట్టుకుంటుంటే మాత్రం బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి గజిబిజి అయితయి. ఒక మార్కు తగ్గింది అందుకే. వినపడేవాళ్లు కూడా దీన్ని ఆన్ చేసుకుని లాభపడుతున్నరు గదా అని కొందరు గొణుగుతరు. బటన్ అందరికీ ఉన్నప్పుడు అందులో అన్యాయం ఏముందో మాకైతే అర్థం కాదు.

బీజీఎంఐకి 3. ఇక్కడ మినీమ్యాప్ (స్క్రీన్ మూలన ఉండే చిన్న మ్యాప్) మీద అడుగులు, కాల్పులు, బండ్ల గుర్తులు పడతయి. పనికొచ్చేదే, కానీ మ్యాప్ మూలన ఉంటది, గురి నడుమ ఉంటది. రెంటి మధ్య కన్ను తిరిగే ఆ అర సెకనులోనే తల పగులుతది. కంట్రోల్స్ కస్టమైజ్‌లోకి పోయి మినీమ్యాప్ సైజు పెంచుకోండి, బొటనవేలు కిందికి రాకుండా చూసుకోండి. ఇంకో తిప్పలు మేడ ఇండ్లతోని: గుర్తు పడ్డది గానీ వాడు పైన ఉన్నడా, కింది గదిలో ఉన్నడా అన్నది ఠక్కున తేలదు. మెట్లకు ఎదురుగా కూర్చుని ఆ ఒక్క దారినే కాయడం మేలు.

వాలరెంట్‌కి 2, అదీ కొంచెం జాలితో. పరుగెత్తుతుంటే మన అడుగులు ఎంత దూరం వినపడతయో మినీమ్యాప్ మీద వలయం గీసి చూపిస్తది. శత్రువు అడుగులకు మాత్రం ఏ గుర్తూ లేదు. అంటే మనం చేసే చప్పుడు మనకు కనిపిస్తది, చంపే చప్పుడు కనిపించదు! స్పైక్ (ఒక జట్టు పెట్టే బాంబు) పెట్టినంక పరిస్థితి ఇంకా అన్యాయం. పైన గడియారం మాయమై స్పైక్ బొమ్మ వస్తది, సెకన్లు కనిపించవు. ఎంత టైం మిగిలిందో బీప్ వేగాన్ని బట్టి తెలుసుకోవాలె. అవతలివాడు డిఫ్యూజ్ (పేలకుండా ఆపే పని) మొదలుపెట్టిండన్నదీ చప్పుడుతోనే తెలుస్తది.

దీనికి చేతి లెక్క ఒకటి ఉంది. స్పైక్ పేలడానికి 45 సెకన్లు, డిఫ్యూజ్‌కి 7. కాబట్టి 38 దాటితే కొత్తగా మొదలుపెట్టి లాభం లేదు. సగం డిఫ్యూజ్ ముందే అయి ఉంటే మిగిలేది 3.5 సెకన్లే గనక హద్దు 41.5కి జరుగుతది. వైబ్రేట్ అయ్యే స్మార్ట్ బ్యాండ్‌లో 38 సెకన్ల టైమర్ సిద్ధంగా పెట్టుకుని, స్పైక్ పెట్టినట్టు స్క్రీన్ మీద పడగానే నొక్కాలి. మౌస్ వదలక తప్పదు గనక గోడ చాటుకు పోయి నొక్కండి. ఏజెంట్లలో (ఆటలోని పాత్రల్లో) సైఫర్, కిల్‌జాయ్‌లను ఎంచుకోండి. సైఫర్ ట్రాప్‌వైర్‌లో పడ్డవాడు కంటికి దొరుకుతడు, కిల్‌జాయ్ టరెట్ కాల్చడం మొదలుపెడితే ఆ దిక్కున మనిషి ఉన్నట్టే. చెవి చేసే కాపలా ఈ రెండూ కొంత చేస్తయి.

కౌంటర్-స్ట్రైక్ 2కి 1.5. కథ దాదాపు అదే, కాపలా పరికరాలు కూడా లేవు. బాంబు 40 సెకన్లు, డిఫ్యూజ్ 10, కిట్ ఉంటే 5. అంటే బ్యాండ్ హద్దు 30 లేదా 35. గేములో ఆదేశాలు టైప్ చేసే కన్సోల్‌లో cl_hud_radar_scale 1.3కి పెంచితే రాడార్ (ఇక్కడి మినీమ్యాప్) పెద్దగా కనిపిస్తది.

ఇక టీంతో మాట. సైన్ భాష తెలిసిన నలుగురు కూడినా ఆట నడుస్తుంటే అది పనిచెయ్యదు, రెండు చేతులూ మౌస్, కీబోర్డుల మీదే ఉంటయి గదా. వాలరెంట్‌లో చాలా రౌండ్ల ముందు తుపాకులు కొనుక్కోవడానికి 30 సెకన్లు ఇస్తరు, ప్లాన్ అంతా సైగలతో అప్పుడే తెగాలి. తర్వాత పింగ్‌లే (బటన్ నొక్కి ఒక చోటును టీంకు గుర్తుపెట్టి చూపడం) దిక్కు. ఈ పింగ్ పద్ధతిని 2019లో ఎపెక్స్ లెజెండ్స్ ఎంత బాగా చేసి చూపెట్టిందంటే, మైకు లేకుండానే పూర్తి మ్యాచ్ నడుస్తది. బీజీఎంఐలో క్విక్ చాట్ చక్రంలో వాడని మెసేజులు తీసేసి ఐదారే ఉంచుకోండి, ఏ మాటకు ఏ అర్థమో ముందే ఒప్పందం చేసుకోండి.

వినపడే దోస్తులతో ఆడేటప్పుడు రెండో ఫోన్‌లో మాటలను అక్షరాలుగా చూపించే గూగుల్ లైవ్ ట్రాన్‌స్క్రైబ్ పెట్టొచ్చు, తెలుగు ఉంది. గేములోని వాయిస్ ఆపి, డిస్కార్డ్ కాల్‌ని ఇంకో ఫోన్ స్పీకర్‌లో పెట్టి దాని పక్కన ఉంచండి. లేకుంటే తుపాకుల మోత అంతా కలిసి అక్షరాలు చెడతయి. ఎవరు మాట్లాడారో అది చెప్పదు, కాబట్టి మాటకు ముందు పేరు అనాలి. "ఎనకున్నడు", "సెట్టెన్క" లాంటి మన యాసకు తప్పులు ఎక్కువ పడతయి. "రాజు, వెనుక ఒకరు" అన్నట్టు పొట్టిగా, విడివిడిగా చెప్పమనండి. ఎంత చేసినా అక్షరాలు ఒకటి రెండు సెకన్లు లేటే, ఎదురుకాల్పుల్లో దాన్ని నమ్ముకోవద్దు.

ఒక చెవి మాత్రమే పనిచేసేవాళ్లకు విండోస్ 11లో యాక్సెసిబిలిటీ, ఆడియో కింద మోనో ఆడియో ఉంది. రెండు పక్కల శబ్దాలూ ఒక్క చెవికే వస్తయి, బదులుగా దిక్కు పూర్తిగా పోతది. ఫోర్ట్‌నైట్‌లో బొమ్మలు దిక్కు చూపిస్తయి కాబట్టి జోడీ కుదురుతది. మిగతా మూడింటిలో మోనోతో లాభమా నష్టమా అన్నది ప్రాక్టీసు మ్యాచుల్లో ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిందే. కేఫ్ పీసీలో అయితే లేచేముందు మోనో ఆఫ్ చెయ్యండి, తర్వాత కూర్చున్నోడు హెడ్‌సెట్ పాడైందనుకుని ఓనర్‌తో కొట్లాడతడు.

జడ్చర్ల, మిర్యాలగూడ దిక్కు కేఫ్‌లు పెట్టే చిన్న టోర్నీల్లో పేరు రాయించేటప్పుడే రెండు సంగతులు అడగండి: లాబీ పాస్‌వర్డు, మ్యాచ్ టైం నోటితో పిలుస్తరా, వాట్సాప్‌లో రాస్తరా, చేతికి వైబ్రేట్ అయ్యే బ్యాండ్‌కి ఒప్పుకుంటరా. ఒప్పుకుంటే ఆ మాటనే గ్రూపులో రాయించుకోండి.