రెండు కాలాల వాచీ, చేతి నగిషీ డయల్: మన అరగంటకు ఏది మేలు?

కువైట్‌లోనో డాలస్‌లోనో పిల్లలున్న కడప, రాజంపేట, రాయచోటి వైపు కుటుంబాలవారు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. నాన్నగారి షష్టిపూర్తికో పదవీ విరమణకో, ఇక్కడి సమయంతో పాటు అక్కడి సమయాన్నీ చూపే, డయల్ మీద చేతితో చెక్కిన నగిషీ ఉన్న మంచి మెకానికల్ వాచీ ఇవ్వాలంటే ఏ రకం తీసుకోవాలని వారి సందేహం. అంత సొమ్ము వాచీకి పెట్టవచ్చా అన్న చర్చ జోలికి నేను పోను. కొనాలని నిశ్చయించుకున్నవారి కోసమే ఇది రాస్తున్నాను.

షాపులో కూర్చోగానే బంగారం బరువు, కంపెనీ వయసు, నగిషీ చెక్కడానికి పట్టిన గంటలు అన్నీ వివరంగా చెబుతారు. నేనైతే వీటన్నిటికంటే ముందు అరగంట సంగతి అడుగుతాను. భారత ప్రామాణిక కాలం గ్రీన్‌విచ్ కాలానికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది కాబట్టి, మనవాళ్లు ఎక్కువగా వెళ్లే ఏ దేశంతో చూసుకున్నా తేడా నిండు గంటల్లో తెగదు. కువైట్‌కు రెండున్నర గంటలు, దుబాయ్‌కి ఒకటిన్నర, సింగపూర్‌కు రెండున్నర, డాలస్‌కు చలికాలంలో పదకొండున్నర, వేసవిలో పదిన్నర. పేరున్న రెండు కాలాల వాచీల్లో చాలా వాటికి ఈ అరగంట అసలు తెలియదు.

అందరికీ తెలిసిన జీఎంటీ (గ్రీన్‌విచ్ కాలం) రకాన్నే ముందు చూద్దాం. 1950లలో పాన్ యామ్ అనే అమెరికా విమాన సంస్థ పైలట్ల అవసరం కోసం రోలెక్స్ తయారుచేసిన జీఎంటీ-మాస్టర్ దీనికి మూలం. మామూలు ముళ్లతో పాటు రోజుకు ఒక్కసారే చుట్టు తిరిగే 24 గంటల ముల్లు ఒకటి ఉంటుంది. న్యూయార్క్, లండన్, పారిస్‌ల మధ్య తిరిగేవారికి ఇంతకంటే సులువైన ఏర్పాటు ఇప్పటికీ లేదు, ఎందుకంటే ఆ నగరాల మధ్య నిమిషాలు ఎప్పుడూ ఒక్కటే. కాని గంటల ముళ్లు రెండైనా నిమిషాల ముల్లు ఒక్కటే కావడంతో మనకు లెక్క తప్పుతుంది. కడపలో రాత్రి 8 గంటల 10 నిమిషాలైనప్పుడు కువైట్‌లో సాయంత్రం 5 గంటల 40 నిమిషాలవుతుంది. ఈ వాచీ మాత్రం 5.10 అనో 6.10 అనో చూపగలదు గాని 5.40 చూపలేదు. మిగతా అరగంటను మనసులో కలుపుకోవలసిందే.

వాచీ పెట్టుకుని మనమే కువైట్‌లో దిగితే ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువ. గంటల ముల్లు గంట చొప్పున మాత్రమే దూకుతుంది కాబట్టి, అరగంట సరిచేయడానికి కీ పూర్తిగా బయటికి లాగి మిషన్ ఆపి నిమిషాల ముల్లు తిప్పాలి. అలా తిప్పిన క్షణంలోనే 24 గంటల ముల్లు కూడా కదిలి, ఇంటి సమయం అరగంట తప్పుతుంది. మీటలు నొక్కి గంటల ముల్లును జరిపే పటెక్ ఫిలిప్ ట్రావెల్ టైమ్ వాచీలు ఎంత నాజూకైనవైనా వాటి పద్ధతీ గంటల దూకుడే. లక్షలు పోసి కొన్న వాచీ మీద ఉన్న సమయానికి రోజూ అరగంట కూడికలు తీసివేతలు చేసుకోవడం నాకు సమ్మతం కాదు.

అందుకే రెండో కాలానికి సొంతంగా నిమిషాల ముల్లు ఉన్న రకం వైపే నా మొగ్గు. పార్మిజాని ఫ్లూరియే వారి హెమిస్ఫియర్స్ ఇందుకు చక్కని ఉదాహరణ. పెద్ద డయల్‌లోనే ఉన్న చిన్న డయల్‌కు గంటల ముల్లూ నిమిషాల ముల్లూ రెండూ ఉంటాయి. వాటిని ప్రధాన సమయం చెదరకుండా నిమిషాలతో సహా విడిగా సరిచేసుకోవచ్చు. ఒక్కసారి రెండున్నర గంటల వెనక్కు పెడితే ఆ తర్వాత రెండింటినీ ఒకే మిషన్ నడుపుతుంది కనుక తేడా అలాగే నిలిచి ఉంటుంది. కువైట్‌లో వేసవి కాలమార్పు లేదు కాబట్టి మళ్లీ దాన్ని ముట్టుకునే పని కూడా ఉండదు. అమెరికాలో పిల్లలున్నవారు మాత్రం మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి గంట జరుపుకోవాలి.

ఇదే పనిని రెండు మిషన్లతో చేసేవీ ఉన్నాయి. ఆర్నాల్డ్ అండ్ సన్ డీబీజీలో రెండు కాలాలకు, వాచీ లయను నిలిపే బ్యాలెన్స్ చక్రాలు రెండు వేర్వేరుగా ఆడుతుంటాయి. చూడటానికి అది కన్నుల పండుగే. అయితే ఏ రెండు చక్రాలూ రోజంతా సరిగ్గా ఒకే తీరున నడవవు కాబట్టి, కొన్నాళ్లకు ఒకదాని నిమిషాలు మరోదానికంటే ముందుకో వెనక్కో జరుగుతాయి. ఆర్మిన్ స్ట్రోమ్ వారు రెండు చక్రాలను ఒక సన్నని స్ప్రింగుతో కలిపి ఒకే లయలో నడిపించి ఈ లోపాన్ని సరిదిద్దారు. ఏ పద్ధతైనా మిషన్లు రెండైతే సర్వీసింగ్ ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది.

ప్రపంచ కాలాలన్నీ చూపే వాచీల్లో కొన్నిటికీ అరగంట తెలుసు. వాషెరాన్ కాన్‌స్టాంటిన్ ఓవర్సీస్ వరల్డ్ టైమ్ 37 కాలమండలాలను చూపుతుంది. నగరాల పేర్లే డయల్‌ను ఆక్రమించడంతో అందులో నగిషీకి చోటు లేదు. అవి కావాలనుకునేవారి అవసరం వేరు.

ఇక డయల్ సంగతి. నగిషీ అని అమ్ముడుపోయేదంతా చేతి పని కాదు. అచ్చుతో ఒత్తినవి ఉన్నాయి, కంప్యూటర్ యంత్రం కోసినవి ఉన్నాయి, చేతితో తిప్పే రోజ్ ఇంజిన్ అనే యంత్రం మీద గీతలు తీసే గిలోషే ఉంది. వాచీల కంపెనీ బ్రెగే 1786 నుంచి డయళ్లకు వాడుతూ వచ్చిన ఈ గిలోషే ఎంతో గౌరవించదగిన విద్యే, కాని ఉలి పట్టి ఆకునో తీగనో స్వేచ్ఛగా చెక్కే పని దానికి వేరు. ఆళ్లగడ్డ శిల్పులు ఉలితో తీసిన గీతకూ యంత్రం కోసిన గీతకూ ఉండే తేడాయే ఇక్కడా కనిపిస్తుంది. పదింతలు పెంచి చూపే భూతద్దంలో ఒక్క ఆకును చూడండి. చేతి పనిలో ఈనె మొదట సన్నగా మొదలై, మధ్యలో లోతుగా దిగి, కొసకు వెంట్రుకలా తేలిపోతుంది. గాడి గోడలు అద్దంలా మెరుస్తాయి. పక్కనున్న ఆకు దీనికి అచ్చు నకలుగా ఉండదు. ఒత్తిన డయల్‌లో అంచులు గుండ్రంగా, లోతు ఎక్కడ చూసినా సమానంగా ఉంటుంది.

నగిషీ ఎంత గొప్పదైనా ముళ్లు అందులో కలిసిపోతే వాచీ పని చెడినట్లే. మన ఎండలో మెరిసే వెండి డయల్ మీద వెండి ముళ్లు వెతుక్కోవలసి వస్తుంది. ఉలిని అదురుతున్నట్లు ఆడిస్తూ లోహమంతా సన్నని ఇసుకరేణువుల్లా గరుకు చేసే త్రెంబ్లాజ్ అనే పనితనం ఇందుకు మంచి విరుగుడు. మెరుపు తగ్గిన ఆ నేల మీద, మంటలో కాల్చి నీలం రంగు తెప్పించిన ఉక్కు ముళ్లు దూరానికి కూడా స్పష్టంగా కనిపిస్తాయి. రెండో కాలం చూపే చిన్న డయల్‌ను మాత్రం నగిషీ లేకుండా సాదాగా ఉంచమని నేను గట్టిగా చెబుతాను. అంత చిన్న చోట అంకెలు చదవగలగడమే ముఖ్యం. ఆ చిన్న డయల్ అంచు దగ్గర తీగ సగంలో తెగిపోయిందా, లేక దాన్ని చుట్టుకుని వంపు తిరిగిందా అన్నది గమనిస్తే, చెక్కినవారు ఈ వాచీ కోసమే గీత గీశారో, ఉన్న నమూనాకు చిల్లు పెట్టారో తెలుస్తుంది.

కొనే రోజున షాపులోనే రెండో కాలాన్ని కువైట్‌కు పెట్టించి, నిమిషాల ముళ్లు రెండూ ఎదురెదురుగా నిలుస్తున్నాయో లేదో చూసుకోండి. ఇలాంటి మిషన్ మన ఊళ్లలో విప్పించదగినది కాదు కాబట్టి, అనంతపురం వారికి బెంగళూరు, కర్నూలు వారికి హైదరాబాదు, కడప వారికి చెన్నై దగ్గర. అక్కడే బాగుచేస్తారా, స్విట్జర్లాండుకు పంపుతారా, పంపితే ఎన్ని నెలలు పడుతుంది, దారిలో బీమా ఎవరిది అన్నవి డబ్బు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి.