ఇన్వర్నెస్‌లో మోటార్‌హోమ్ అద్దె: బండితో పాటు చెయ్యెత్తడం కూడా నేర్పారు

పోయిన జూలైలో అమ్మానాన్నలు లీడ్స్‌లో మా దగ్గరికి వచ్చినప్పుడు, స్కాట్లాండ్ ఉత్తర తీరం చూపిద్దామని ఇన్వర్నెస్ దగ్గర ఒక మోటార్‌హోమ్ (లోపలే పడకలు, షవర్, టాయిలెట్ ఉండే బండి) అద్దెకి తీసుకున్నాం. భార్యాభర్తలు ఇద్దరే నడుపుకునే చిన్న సంస్థ. ఇలాంటి రివ్యూల్లో పరుపు మెత్తగా ఉందా, షవర్‌లో వేడినీళ్ళు వచ్చాయా, డీజిల్ ఎంత తాగింది అనే అందరూ రాస్తారు. అవి నేనూ రాస్తాను. కానీ ఈ సంస్థకి నేను మనస్ఫూర్తిగా మార్కులు వేసేది వేరే దానికి. తాళాలు చేతిలో పెట్టే ముందు, ఎదురొచ్చే బండికి చెయ్యి ఎప్పుడు ఎత్తాలి, ఎవరికి ఎత్తాలి, ఎక్కడ ఎత్తకూడదు అన్నది గ్యాసు గురించి, బ్యాటరీ గురించి చెప్పినంత శ్రద్ధగా చెప్పారు.

ముందు బండి సంగతి. ఫియట్ డుకాటో మీద కట్టిన నాలుగు పడకల బండి. ఏడు మీటర్ల పొడవు, పక్క అద్దాలు కాకుండానే సుమారు 2.3 మీటర్ల వెడల్పు. బరువు 3,500 కిలోల లోపే కాబట్టి మామూలు కారు లైసెన్సు చాలు. వెనక ఎప్పుడూ వేసే ఉండే డబుల్ బెడ్ అమ్మానాన్నలకి, డ్రైవర్ సీటు పైన అటకలాంటి బెడ్ నాకూ మా ఆయనకీ. రాత్రికి 150 పౌండ్ల దాకా పడింది. డీజిల్ లీటరుకు 9, 10 కిలోమీటర్లు ఇచ్చింది. శుభ్రంగా ఉంది, టైర్లు కొత్తవి, గ్యాస్ సిలిండర్ నిండుగా ఇచ్చారు.

బండి అప్పగించడానికి గంటన్నర తీసుకున్నారు. మంచినీళ్ళ ట్యాంకు ఎలా నింపాలి, వాడిన నీళ్ళు ఎక్కడ వదలాలి, టాయిలెట్ కింద ఉండే డబ్బా ఎక్కడ ఖాళీ చెయ్యాలి అన్నీ మా చేత చేయించి మరీ చూపించారు. కరెంటు లెక్క కూడా చెప్పారు. ఇక్కడి మామూలు కెటిల్ 3 కిలోవాట్లది, అంటే ఒక్కటే 13 ఆంపులు లాగుతుంది. కొన్ని క్యాంప్‌సైట్లలో మన బండికి ఇచ్చేది 10 ఆంపులే. అందుకని తక్కువ వాట్ల కెటిల్ బండిలోనే పెట్టారు. అమ్మ రైస్ కుక్కర్ తెచ్చుకుందని చెబితే దాని అడుగున రాసిన వాట్లు చూసి, కెటిల్, కుక్కర్ ఒకేసారి మాత్రం పెట్టొద్దన్నారు. ఒక్కసారి కూడా కరెంటు పోలేదు.

ఆ తర్వాత సంస్థ ఆయన మా ఆయన్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని, ఊరి బయట ఒక ఇరుకు రోడ్డు ఎక్కించారు. నేను వెనక సీట్లో నుంచి వింటున్నాను. మేము వెళ్తున్నది నార్త్ కోస్ట్ 500 దారి. 2015లో ఆ పేరుతో ప్రచారంలోకి వచ్చింది. ఇన్వర్నెస్ కోట దగ్గర మొదలై, తీరం చుట్టి మళ్ళీ అక్కడికే వచ్చే 516 మైళ్ళు. పడమర తీరంలో, ఉత్తరాన చాలా భాగం ఒక్క బండి మాత్రమే పట్టే రోడ్డు. మధ్యమధ్యలో రోడ్డు కాస్త వెడల్పై, పక్కన 'పాసింగ్ ప్లేస్' అని తెల్ల బోర్డు ఉంటుంది. ఎదురుగా బండి వస్తుంటే ఆ వెడల్పు మన ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోవాలి. కుడివైపు ఉంటే దానికి ఎదురుగా మన వైపే రోడ్డు మీద ఆగాలి, అవతలి బండే అందులోకి తప్పుకుంటుంది. కుడివైపు దాంట్లోకి మనం దూరకూడదు. ఎగువకి ఎక్కే బండికి వీలైనంతవరకు దారి ఇవ్వాలి. అవసరమైతే రివర్స్ చెయ్యాలి. వెనక స్థానికులు వస్తుంటే వాళ్ళని కూడా అక్కడే ముందుకి పోనివ్వాలి. అందులో బండి పార్క్ చెయ్యకూడదు. ఇవన్నీ బ్రిటన్ హైవే కోడ్‌లో ఉన్న నియమాలే.

హైవే కోడ్‌లోని ఆ నియమాల పక్కన కనపడనిది చెయ్యి ఎత్తడం. ఆయన చెప్పింది ఇది: "మీకోసం ఎవరైనా ఆగితే దాటేటప్పుడు చెయ్యి ఎత్తండి. మీరు ఆగినప్పుడు వాళ్ళు ఎత్తితే మీరూ ఎత్తండి. స్టీరింగ్ వదలక్కర్లేదు, నాలుగు వేళ్ళు లేపినా చాలు. మలుపులో వద్దు. హారన్ అసలే వద్దు. బండి పక్కన మా పేరుంది. మీరు చెయ్యి ఎత్తకపోతే ఊళ్ళో వాళ్ళు నన్ను అడుగుతారు." చివరి మాట ఆయన చాలా మామూలుగా అన్నారు గానీ, నాకు బాగా పట్టింది. ఈ దారికి పేరొచ్చాక వచ్చే జనం పెరిగారు. అక్కడ బతికేవాళ్ళకి అదే రోడ్డు మీద ఆసుపత్రికీ, బడికీ, పనికీ వెళ్ళాలి. పర్యాటకుల బండి దారివ్వక, దారిచ్చినవాళ్ళకి కనీసం చెయ్యి కూడా ఎత్తక పోతే వాళ్ళకి కోపం రావడం న్యాయమే.

మా నాన్న రాజమండ్రి డిపోలో ఆర్టీసీ డ్రైవర్‌గా ముప్ఫై ఏళ్ళకు పైగా చేశారు. భద్రాచలం సర్వీసులో మారేడుమిల్లి ఘాట్ ఆయనకి కంఠతా వచ్చు. ఇన్సూరెన్సులో పేర్లు నావీ మా ఆయనవీ మాత్రమే కాబట్టి నాన్న నడపడానికి లేదు, ముందు ఎడమ సీట్లో కూర్చున్నారు. ఉల్లాపూల్ దాటి ఇరుకు రోడ్లు మొదలయ్యాక నాన్నకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. "బాబూ, వాడు ఎక్కుతున్నాడు, మీరు ఆగండి" అని అల్లుడికి చెప్పి, ఎదుటి బండి దాటేలోపు తనే చెయ్యి ఎత్తేసేవారు.

"మా బస్సులూ అంతే కదమ్మా," అన్నారు నాతో. "ఎదురుగా మన బస్సొస్తే చెయ్యి ఎత్తుతాం. అది ఊరికే పలకరింపు కాదు. ముందు చెట్టు పడితే ఒక సైగ, చెకింగ్ ఉంటే ఒక సైగ. ఏమీ లేకపోతే ఉత్త చెయ్యి. ఉత్త చెయ్యి చూస్తే దారి బాగుందని ధైర్యంగా పోతాం."

నాన్న చెప్పాక నేను ఎదురొచ్చే చేతులని గమనించడం మొదలుపెట్టాను. రెండు రకాలు ఉన్నాయి. ఒకటి దారిచ్చినందుకు, అది కారైనా, ట్రాక్టరైనా, పోస్టు వ్యానైనా అందరూ అందరికీ ఎత్తుతారు. రెండోది మోటార్‌హోమ్ వాళ్ళు మోటార్‌హోమ్ వాళ్ళకి ఎత్తేది. దారి విశాలంగా ఉన్నా, ఎవరూ ఎవరికోసం ఆగకపోయినా, ఎదురుగా ఇంకో బండిల్లు కనిపిస్తే అరచెయ్యి పైకి లేస్తుంది. ముందంతా పెద్ద అద్దంతో బస్సులా ఉండే ఎ-క్లాస్ బండ్లలో వరండాలో కూర్చున్నట్టు కూర్చునే పెద్దవాళ్ళు అందరికంటే నిండుగా ఊపుతారు, పక్క సీట్లో ఉన్నావిడ కూడా ఊపుతుంది. పాత ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ల వాళ్ళు తమలాంటి వాళ్ళని చూస్తే ఇంకాస్త ఉత్సాహపడతారు. కారు వెనక కారవాన్ లాక్కెళ్ళేవాళ్ళు మాకు పెద్దగా ఊపలేదు, అది వేరే గుంపు. సొంతంగా మార్చుకున్న తెల్ల వ్యాన్లని డెలివరీ వ్యాన్లు అనుకుని వదిలేస్తాం, దగ్గరికొచ్చాక పైన కిటికీ చూసి తెలుస్తుంది. అద్దె బండి అని పక్కన పేరు చూసి చెయ్యి ఎత్తని సొంతదారులు ఉంటారని సంస్థ ఆవిడ ముందే చెప్పారు. కొందరు నిజంగానే ఎత్తలేదు. నాన్న మాత్రం ఎవరికీ ఆపలేదు. ఎ9 లాంటి పెద్ద రోడ్డు మీద ఎవరూ ఎవరికీ ఊపరు. ఆ వేగంలో ఊపకూడదు కూడా.

ఈ చేతుల వల్ల నిజంగా పని జరగడం లాక్ ఎరిబాల్ అనే సముద్రపు పాయ చుట్టూ తిరిగే ఎ838 రోడ్డు మీద చూశాం. అప్పుడు బండి నేను నడుపుతున్నాను. ఒక పక్క గొర్రెలు, ఇంకో పక్క వాలు. ఎదురుగా మా అంత పొడవు మోటార్‌హోమ్, దాని వెనక రెండు కార్లు. మా వెనక ఎవరూ లేరు. మా వెనక పాసింగ్ ప్లేస్ కాస్త దూరంలో ఉంది, వాళ్ళ వెనకది దగ్గరే, కానీ కార్లు అడ్డం. నేను చెయ్యి ఎత్తి, వెనక్కి వెళ్తున్నానని సైగ చేశాను. ఎదుటాయన అక్కడే ఆగి, నేను లోపలికి సర్దుకునేదాకా ఒక్క అడుగు ముందుకి రాలేదు. దాటేటప్పుడు అద్దాలు రెండూ మడిచి, మెల్లగా పోనిస్తూ ఆయన, పక్కనావిడ, వెనక రెండు కార్ల వాళ్ళు వరసగా చేతులెత్తారు. అంత ఇరుకులో నాకు టెన్షన్ రాలేదంటే కారణం ఎదుటి మనిషి నన్ను తొందరపెట్టడని ఆ చెయ్యి చూడగానే తెలియడమే. ఇన్వర్నెస్‌లో ఆ అరగంట రోడ్డు పాఠం లేకపోతే నేను అక్కడ నడిపి ఉండేదాన్ని కాదు.

ఆపిల్‌క్రాస్‌కి వెళ్ళే బియాలఖ్ నా బా కనుమ (626 మీటర్ల ఎత్తు) మీదుగా మాత్రం బండి తీసుకెళ్ళొద్దని కాగితంలోనే రాశారు. కొండ కింద బోర్డు కూడా ఉంది, చాలా పెద్ద బండ్లకీ కారవాన్లకీ మంచిది కాదని. మేము షీల్డెయిగ్ మీదుగా తీరం దారిలో వెళ్ళాం. ఘాట్ చూసి నాన్న మనసు లాగింది గానీ, బోర్డు చదివి ఆయనే వద్దన్నారు.

క్యాంప్‌సైట్లలో మర్యాద ఇంకో రకం. డర్నెస్‌లో సాంగో శాండ్స్ మాకు అన్నిటికంటే నచ్చింది. కింద ఇసుక తీరం, పైన కొండకొమ్ము మీద బండ్లు. బండి ఆపగానే పక్కవాళ్ళు తల ఊపి పలకరిస్తారు, గాలి ఎటునుంచి వస్తుందో చెప్పి బండి ముక్కు అటు పెట్టుకోమంటారు. తెర వేసి ఉంటే పలకరించరు. ఒకరి బండి ముందు జాగాలోంచి అడ్డంగా నడవరు. టాయిలెట్ డబ్బా ఖాళీ చేసే చోట వరసలో నిలబడి వాతావరణం గురించి, రేపటి దారి గురించి హాయిగా మాట్లాడతారు. మాకు మంచి సమాచారం అంతా అక్కడే దొరికింది. సాయంత్రం గాలి తగ్గితే మిడ్జీలనే నుసుమంత పురుగులు కుడతాయి, అప్పుడు ఎవరి బండిలోకి వాళ్ళు పరుగు.

పక్క బండిలో హల్ నుంచి వచ్చిన రిటైర్ అయిన జంట. అమ్మ నిమ్మకాయ పులిహోర పంపితే గిన్నె ఖాళీగా ఇవ్వకుండా, ఆయన ఆ పొద్దున గాలం వేసి పట్టిన మాకరెల్ చేపలు రెండు పెట్టి ఇచ్చారు. మన కానాగంతలకి చుట్టాలే. అమ్మ చింతపండు తెచ్చుకుంది కాబట్టి బయట చిన్న స్టౌ మీద పులుసు పెట్టింది. వాళ్ళూ వచ్చి తిన్నారు. మర్నాడు వాళ్ళ బండి మాకంటే ముందు బయల్దేరింది. గేటు దాటేదాకా నాన్న నిలబడి ఊపారు.

వేరే పెద్ద సంస్థలో బండి తీసుకున్న మా స్నేహితులకి ఫోన్‌కి ఒక వీడియో లింకు మాత్రమే వచ్చిందట. గ్యాసు, నీళ్ళు, అంతే. రోడ్డు గురించి ఒక్క మాట లేదు. పాసింగ్ ప్లేసుల్లో రాత్రి పడుకున్న అద్దె బండ్లని మేము కళ్ళారా చూశాం. స్కాట్లాండ్‌లో ఎక్కడైనా ఆగొచ్చని చాలామంది నమ్ముతారు. 2003 భూసంస్కరణ చట్టం ఇచ్చిన హక్కు నడిచేవాళ్ళకీ, సైకిళ్ళకీ, గుడారాలకీ, మోటారు బండ్లకి కాదు. మా సంస్థ ఆ ముక్క కూడా చెప్పింది. మిగతావాళ్ళు ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. బండి అద్దెకిచ్చే ప్రతి ఒక్కరూ దీన్ని పనిలో భాగం అనుకోవాలి.

ఇక లోపాలు. వానలో వెనక కెమెరా ఏమీ కనపడదు, ఎవరో ఒకరు దిగి చెప్పాల్సిందే. మెట్టు చాలా ఎత్తు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి కష్టమైంది, ఉల్లాపూల్‌లో ఒక ప్లాస్టిక్ స్టూలు కొన్నాం. కిటికీ దోమతెర ఒకటి చిరిగి ఉంది, మిడ్జీలున్న ఊళ్ళో అది చిన్న విషయం కాదు. చెప్తే టేపు ఇచ్చారు, తెర మార్చలేదు. డిపాజిట్ 1,500 పౌండ్లు తిరిగి రావడానికి వారం పైనే పట్టింది, అయితే పైసా కోత లేదు.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన ఆ అర మార్కు ఎత్తైన మెట్టుకీ, చిరిగిన తెరకీ. అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళు ఇలా వెనక బెడ్ ఎప్పుడూ వేసే ఉండే బండినే అడగండి, రోజూ సోఫా విప్పి పరుపు చెయ్యడం పెద్దవాళ్ళకి విసుగు. జూలై, ఆగస్టుల్లో సముద్రం పక్క సైట్లు ముందుగా బుక్ చేసుకోండి. బండి తీసుకునే రోజు సాయంత్రం దూరప్రయాణం పెట్టుకోకండి, ఆ గంటన్నర పాఠాన్ని తొందరపెట్టకుండా పూర్తిగా వినండి.